నరసరావుపేట ఎగ్జిబిషనులో మా అత్త చుట్ట

మా ఆయన నరసరావుపేట ఎగ్జిబిషనులో కాపలా పనికి కుదిరి రెండు నెలలు కావస్తున్నా, ఆ వినోదాల మైదానం చూడాలన్న కోరిక నాకు మొదట్లో లేదు. నలుగురిలోకి పోవాలంటే నాకు చెమటలు పడతాయి. మిషను బళ్ళో ఐదో తరగతి దాకా చదివాను గనక బోర్డులు చదవగలను. టిక్కెట్టు అడగమంటే మాత్రం గొంతు పెగలదు. అయినా ప్రయాణం కట్టడానికి ఒక కారణం వచ్చింది. పేటకి మిరపకాయలు తోలుకెళ్ళిన మా పక్కింటి సాలమన్ చిన్నాయన మా ఆయన దగ్గర నుంచి కబురు తెచ్చాడు. కంట్రాక్టరుకి పని నచ్చితే నెలాఖరుకి ఉద్యోగం ఖాయం చేస్తాడట. ఖాయమైతే గుంటూరులో ఎగ్జిబిషను కంపెనీ సామాను షెడ్డు వెనక ఒక గది ఇస్తారట. నేను, ఆయన, అత్త, ముగ్గురం అక్కడ ఉండొచ్చు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఒకచోట, నేను ఒకచోట. ఆ గది మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అమ్మను తీసుకుని ఒకసారి వచ్చి చూసిపొమ్మన్నాడని కూడా చిన్నాయన చెప్పాడు.

మా అత్త మరియమ్మ గురించి ముందే చెప్పాలి. మామ పోయాక పొగాకు కూలికి పోయి ఒక్కగానొక్క కొడుకుని పెంచింది. ఆ పనికి సముద్రం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళ దగ్గర అడ్డపొగ తాగడం నేర్చుకుంది. చూడనివాళ్ళకు వింతగా ఉంటుంది. చుట్ట వెలిగించి, కాలే కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు మూస్తుంది. బయటికి చుట్ట మొదలు చిటికెన వేలు గోరంత కనిపిస్తుంది, అంతే. చేతులు రెండూ పనిలో ఉంటాయి, గాలికి చుట్ట ఆరదు, నిప్పురవ్వ ఆకుల మీద పడదు. ఒక్క చుట్ట చానాసేపు వస్తుంది. అంతసేపూ ఆమె మాట్లాడదు. ఏదన్నా కావాలంటే చేత్తో చూపిస్తుంది.

మేం బయల్దేరింది శనివారం తెల్లవారుజామున. మా పల్లె నుంచి శావల్యాపురం స్టేషనుకి చిన్నాయన బండి కట్టాడు. దారి పొడుగునా అత్తను ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

"ఏం వదినా, నీ కొడుకు కాకీ చొక్కా ఏసుకుని గేటుకాడ నిలబడ్డాడు. మొదట నన్నే గుర్తు పట్టలా!"

"నీ మొహం చూసి గుర్తు పట్టనట్టు నటించుంటాడురా. మేం పోతే చూడు, ఎదురొచ్చి తీసుకుపోతాడు."

"తీసుకుపోతే మంచిదే. లోపల చుట్ట తాగనియ్యరంట. జుల్మానా ఏస్తారంట. మరి నీ సంగతేంది?"

"జుల్మానా ఏసేది నా కొడుకే గదంట్రా," అంది అత్త, నవ్వుతూ. ఆ నవ్వు నాకు ఇంకా కళ్ళముందే ఉంది.

పొద్దెక్కాక రైలొచ్చింది. యుద్ధం రోజులు గనక మూడో తరగతి పెట్టెలో నిలబడటానికే చోటు దొరకడం కష్టం. ఆడవాళ్ళ పెట్టె ఇంజనుకు దగ్గరగా ఉంటుంది, బొగ్గునుసికి సిద్ధపడి పాత చీర కట్టుకుపోతే మంచిది. పేట చేరడానికి గంట పైన పట్టింది. స్టేషను బయట జట్కావాళ్ళు మనిషికి బేడ, అంటే రెండణాలు, అడుగుతారు. కాళ్ళు బాగున్నవాళ్ళు నడిచిపోవచ్చు, రాట్నం దూరం నుంచే కనిపిస్తుంది గనక దారి అడగనక్కరలేదు. అడగనక్కరలేదని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది.

మైదానం చుట్టూ వెదురు దడి, లోపల అన్నీ తాటాకు పందిళ్ళు. గేటుకి ఇవతల, దడికి ఆనుకునే, ఒకామె పొయ్యి పెట్టుకుని పునుగులు వేస్తోంది. అణాకి దొన్నె నిండా పెట్టి, పైన పచ్చడి వేసి ఇచ్చింది. ఆమె పొయ్యి మంట దడి వెదుళ్ళను నాకుతున్నట్టే ఉంది.

"దడి అంటుకోదా అక్కా?" అన్నాను, మెల్లగా.

"ఇది గేటుకి బయట గదమ్మా. కంపెనీ వాళ్ళకి బయట నిప్పుతో పనిలేదు. లోపల బీడీ కనపడితే మాత్రం బట్టలూడదీస్తారు," అంది.

గేటు మీద పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. అత్త చదవమంటే చదివాను. లోపల చుట్ట, బీడీ, సిగరెట్టు తాగరాదు, తాగినవారికి ఒక రూపాయి జుల్మానా. పోయిన ఊరి మకాంలో ఎవడో పారేసిన బీడీకి ఒక పందిరి కాలిపోయిందట. నియమం మంచిదేనని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. అత్త మాత్రం పునుగులామె పొయ్యిలో చుట్ట అంటించుకుని, నోట్లోకి తిప్పి, పెదవులు మూసి, గేటు వైపు నడిచింది. నేను కొంగు పట్టుకుని లాగాను. చెయ్యి విదిలించింది.

గేటు దగ్గర మా ఆయన ఉన్నాడు. కాకీ చొక్కా, నడుముకి తోలు బెల్టు. పక్కన తట్టలో జనం దగ్గర లాక్కున్న చుట్టలు, బీడీ కట్టలు. ఒక ముసలాయన దోవతి మడతలో దాచుకున్న చుట్టను కూడా వెతికి తీసి తట్టలో వేశాడు. మమ్మల్ని చూడగానే ఆయన మొహం విప్పారింది. "అమ్మా, తిన్నావా?" అన్నాడు. అత్త తల ఊపింది. ఆయన ఒక్క క్షణం ఆమె పెదవుల వైపు చూశాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న నోరు అది, తెలియకుండా ఎలా ఉంటుంది? తల పక్కకి తిప్పుకుని, "పొండి, పొండి, ఎనక జనం ఉన్నారు," అన్నాడు. మా దగ్గర మనిషికి రెండణాల టిక్కెట్టు కూడా అడగలేదు. నాతో మెల్లగా, "నువ్వు రాట్నం ఎక్కు. అమ్మని కింద బల్ల మీద కూర్చోబెట్టు. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు," అన్నాడు. ఆ కాస్త దొంగతనం నాకు ముద్దుగా అనిపించింది.

లోపల చూడదగ్గవి చానా ఉన్నాయి. మోటారుసైకిలు బావి, అద్దాల పందిరి, తుపాకీతో బుడగలు కొట్టే దుకాణం. నేను రాట్నమే చూశాను. ఆయిల్ ఇంజనుతో తిరిగే పెద్ద చక్రం, దానికి మనుషులు కూర్చునే పెట్టెలు. నేను జంకుతుంటే అత్త నోరు విప్పకుండానే వీపు మీద చెయ్యి పెట్టి పెట్టెలోకి తోసింది. తను కింద బల్ల మీద కూర్చుని, పైకి పో అన్నట్టు చెయ్యి ఊపింది.

పైకి వెళ్ళేటప్పుడు పెట్టె కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. తర్వాత బాగుంది. రైలు పట్టాలు, పొలాలు, దూరాన కోటప్పకొండ కనిపించాయి. గుంటూరు ఎటువైపో తెలియకపోయినా ఆ గది ఎటుంటుందోనని వెతికాను. రెండోసారి పైకి పోయినప్పుడు కిందికి చూస్తే మా ఆయన కనిపించాడు. గేటు దగ్గర లేడు. తెల్లటి సిల్కు లాల్చీ వేసుకున్న ఒక పెద్దమనిషి వెనకాల నడుస్తున్నాడు. ఆ పెద్దమనిషి రైసు మిల్లుల ఆసామి అనీ, ఎగ్జిబిషనుకి పెట్టుబడి పెట్టినవాళ్ళలో ఒకడనీ తర్వాత తెలిసింది. ఆసామి చేతిలో సిగరెట్టు వెలుగుతోంది. మా ఆయన చేతిలో పింగాణీ సాసరు ఉంది. ఆసామి చెయ్యి చాచినప్పుడల్లా మా ఆయన సాసరు ముందుకు పెడుతున్నాడు, ఆసామి అందులో నుసి దులుపుతున్నాడు. సిగరెట్టు తాగొద్దని చెప్పడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషి చేస్తున్న పని అది.

వాళ్ళు రాట్నం దగ్గరికే వచ్చారు. ఇంజను నడిపేవాడు చక్రం ఆపి నమస్కారం పెట్టడానికి పరిగెత్తాడు. నా పెట్టె కిందికి రాకుండా ఇంటి చూరంత ఎత్తులో ఆగిపోయింది. దిగలేను. కింద జరిగేదంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది.

ఆసామిని కూర్చోబెట్టడానికి, వాళ్ళ వెంటే ఉన్న కంట్రాక్టరు బల్ల దగ్గరికొచ్చాడు. "ఏయ్ ముసల్దానా, లే," అన్నాడు. అత్త లేవడానికి చేతులు ఆనించింది గానీ పలకలేదు. నోట్లో నిప్పు పెట్టుకుని ఎలా పలుకుతుంది? "నీకే చెప్పేది, చెవుడా?" అని గద్దించాడు. ఉలిక్కిపడిందేమో, ఆమె ముక్కులో నుంచి పొగ వచ్చింది.

జనం గొల్లున నవ్వారు. ఆసామి కూడా నవ్వాడు. "ఇదేందయ్యా, నోట్లో రైలింజను పెట్టుకుంది!" అంటూ సాసరులో నుసి దులిపాడు.

"అత్తా!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. అందరూ తలలెత్తి చూశారు. మా ఆయన కూడా చూశాడు.

కంట్రాక్టరు ఆయన వైపు తిరిగాడు. "గేటు కాడ నువ్వేగా ఉంది? ఎవరు వీళ్ళు, నీకు తెలుసా?"

మా ఆయన సాసరు వైపు చూస్తూ, "మా ఊరోళ్ళేనండి," అన్నాడు.

"ఊరోళ్ళైతే వదిలేస్తావా? సుబ్బయ్యా, నోరు తెరిపించు దానిచేత," అన్నాడు కంట్రాక్టరు, పక్కనున్న ఇంకో కాపలావాడితో. సుబ్బయ్య చొక్కా చేతులు మడుస్తూ ముందుకొచ్చాడు. మా ఆయన అతనికి అడ్డంపోయి, అత్త ముందు వంగి, "నోరు తెరువు," అన్నాడు. అత్త ఆయన మొహంలోకి చూసింది. చానాసేపు చూసినట్టు నాకనిపించింది. తర్వాత నోరు తెరిచింది. ఆయన రెండు వేళ్ళు పెట్టి చుట్ట బయటికి తీసి, సాసరులో ఆసామి సిగరెట్టు పీకల పక్కనే నొక్కి ఆర్పాడు.

"అట్టా ఉండాలి మనిషంటే," అన్నాడు కంట్రాక్టరు, ఆసామికి వినపడేటట్టు. "ముసల్దిగా, జుల్మానా వద్దులే. బయటికి పంపు." ఆసామి ఇంకో సిగరెట్టు తీశాడు. మా ఆయనే అగ్గిపుల్ల గీసి ఇచ్చాడు.

నన్ను దించాక సుబ్బయ్య మమ్మల్ని గేటు దాటించాడు. పునుగులామె ఏమీ అడక్కుండా చెంబుతో నీళ్ళిచ్చింది. కాసేపటికి మా ఆయన గబగబా వచ్చాడు. అత్త వీపు తిప్పుకుని కూర్చుంది. ఆయన నన్ను పక్కకి పిలిచి, "నేను తియ్యకపోతే ఆ సుబ్బయ్య చెయ్యి పెట్టేవాడు అమ్మ నోట్లో. అది చూడలేకే నేను తీశా. నువ్వన్నా చెప్పు అమ్మకి," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పని ఖాయమన్నాడు," అన్నాడు. సంతోషించాలో ఏడవాలో తెలియక నేను తల దించుకుని ఆయన బెల్టు బిళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన తల్లి వీపు వైపు ఒకసారి చూసి లోపలికి పోయాడు.

సాయంత్రం రైల్లో చోటు దొరికింది. ఆయన చెప్పమన్నది అత్తకు చెప్పాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నది.

"సుబ్బయ్య పెడితే ఏళ్ళు కొరికేదాన్ని," అంది. "వీడు గాబట్టి తెరిచా. వీడికి బువ్వ పెట్టేటప్పుడు నేనూ అట్టాగే తెరువు అనేదాన్ని."

కొంగుతో మొహం మీది బొగ్గునుసి తుడుచుకుని, "ఊరోళ్ళంట," అంది.

తర్వాత రొంటిన దోపుకున్న చుట్ట తీసి, పక్కామె దగ్గర అగ్గిపెట్టె అడిగి వెలిగించింది. ఈసారి నిప్పు లోపలికి తిప్పలేదు. అందరూ తాగినట్టే నిప్పు బయటికి ఉంచి పీల్చింది. అలవాటు లేక పొరబోయి దగ్గింది, కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

"అదేంది అత్తా, తిరగేసి తాగుతున్నావు?"

"లోపల పెట్టుకుంటే దొంగతనమంటున్నారుగా. కనపడనీ అందరికీ," అని మళ్ళీ పీల్చి మళ్ళీ దగ్గింది.

ఇది గుంటూరు గదిలో కూర్చుని రాస్తున్నాను. గది బాగానే ఉంది, రేకుల కప్పు, ముందు కుళాయి. నేను కోరుకున్నదే నాకు దొరికింది, అందుకని ఎవరితోనూ ఏమీ అనలేను. అత్త రాలేదు. "మీరు పోయి కాపురం చేసుకోండే," అంది. వచ్చినా ఉండటానికి లేదు. షెడ్డు ఆవరణలో కూడా పొగ తాగకూడదని గోడ మీద రాసి ఉంది, కాపలా కాసేది మా ఆయనే. సామాను కాలిపోకూడదు, నిజమే. ఆ రాత మీద నాకు కోపం లేదు. ఆసామి షెడ్డు చూడటానికి వచ్చిన రోజుల్లో మా ఆయన సాసరు తెచ్చి కుళాయి కింద కడుగుతాడు. కడిగినంతసేపూ మేం ఒకరి మొహం ఒకరం చూసుకోం. అమ్మ రానంటే నేనేం చెయ్యను అని ఆయన ఒక్కోసారి నన్నడుగుతాడు. ఆయన తప్పెంతో, ఆ నియమం తప్పెంతో నేను తేల్చుకోలేకపోతున్నాను. రూపాయి జుల్మానా కట్టమన్నా కట్టి ఉండేవాళ్ళం. ఊరోళ్ళన్న ఆ మాటకు ఏం కట్టాలో మాకెవరికీ తెలియడం లేదు.

ఎగ్జిబిషను చూడబోయేవాళ్ళకి ఒక్కమాట. పొద్దుటి బండికి పోతే అన్నీ చూసుకుని సాయంత్రం బండికి తిరిగి రావచ్చు. వెంట చుట్ట తాగే పెద్దవాళ్ళుంటే గేటు బయట పునుగుల పొయ్యి దగ్గరే నిదానంగా కూర్చోబెట్టి తాగించి, నోరు పుక్కిలించాకే లోపలికి తీసుకుపోండి. లోపల మన మనిషే ఉన్నాడు గదా అని మాత్రం ధీమాగా పోవద్దు.