గౌను అంచుకు పసుపు

ఆర్మూర్ మార్కెట్ యార్డు ముందు బస్సు ఆగితే, కుప్పలు పోసిన పసుపు వాసనకు ఇప్పటికీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను.

మా ఊళ్లో కాల్పులు మొదలయ్యాక, కట్టుబట్టలతో పారిపోయి వచ్చిన మా కుటుంబాలను ఆ యార్డు షెడ్డులోనే ఉంచారు. నాకప్పుడు ఏడేళ్లు. ఒకరోజు ఆర్మూర్ వాళ్లు బియ్యం, బట్టల మూటలు తెచ్చి పంచారు. మా పేర్లు ఎవరూ అడగలేదు. అదీ నేను మరిచిపోలేదు.

మర్నాడు అమ్మ నాకు నీలం గౌను తొడిగి బడికి పంపింది. అంచుకు పసుపు బొట్టు ఉంది. కొత్త బట్టకే కదా పసుపు పెడతారు! నాకోసమే కొన్నారనుకున్నాను.

బడిలో ఆ ఊరి షావుకారు కూతురు నా ముందు నిలబడింది.

“గది నా పాత గౌను.”

“కాదు, కొత్తది. పసుపు చూడు.”

“ఆర్మూర్ల పసుపు దేనికన్న అంటుతదే పిచ్చిదానా! చెయ్యి లేపు. చంక కింద మా అమ్మ ఎర్రదారంతోని కుట్టింది.”

లేపాను. ఎర్రదారం ఉంది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్లను నేనింకా క్షమించలేదు.

షెడ్డుకు వచ్చి అమ్మను నిలదీశాను.

“కింద రాలిన పసుపు తీసి నేనే పెట్టిన బిడ్డా” అంది తలెత్తకుండా.

అబద్ధాలకోరువని తిట్టి, చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు.

మేము మళ్లీ మా ఊరు చూడలేదు. అమ్మ చూడకుండానే పోయింది. బట్టలు పంచిన రోజు ఆమెకూ ఎవరో కట్టి విడిచిన చీరే ఇచ్చారు. దాని అంచుకు ఎవరూ పసుపు పెట్టలేదు.