పేజీలో లేని మాట

ఏడో తరగతి టీచరమ్మ కుర్చీలో కూర్చోగా చూసినవాళ్లు లేరు. బల్లల మధ్య తిరుగుతూనే ఉంటుంది. పెన్ను మూత తీస్తుంది, పెడుతుంది, మళ్లీ తీస్తుంది. పిల్లల రాతల కోసం క్లాసుకొక బ్లాగు మొదలుపెట్టింది. ఒకరు రాస్తే మిగతావాళ్లు కింద అభిప్రాయం రాయాలి. అది ముందు ఆమె ఫోనుకొస్తుంది, ఆమె ‘సరే’ నొక్కితేనే అందరికీ కనబడుతుంది. మొదటి వారమంతా ముప్పై మందిదీ ఒకటే పాట: “చాలా బాగుంది.” ఆమెకు ఒళ్లు మండింది. “ఆ మాట ఇక వద్దు! నచ్చనిదేదో చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు,” అని, వాళ్ల నోళ్లు తెరిపించడానికి తనే తన అమ్మ గురించి ఒక పేజీ రాసి పెట్టింది.

మర్నాడు స్టాఫ్ రూములో ఉండగా, పిలిస్తే తప్ప పలకని చివరి బెంచీ పిల్ల రాసిన అభిప్రాయం ఫోనుకొచ్చింది: “టీచర్, ఇందులో మీ అమ్మగారు వండుతారు, ఉతుకుతారు, మీకు జడ వేస్తారు. ఒక్క మాట కూడా మాట్లాడరు. ఎందుకని?” టీచరమ్మ చెవులు వేడెక్కాయి. వేలు ‘తీసెయ్యి’ మీదికి పోయింది, వెనక్కి వచ్చింది. కిటికీ దాకా నడిచింది, బీరువా దాకా నడిచింది.

“ఏంటమ్మా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?” అన్నారు లెక్కల మాస్టారు.

“వేలెడంత లేదు, నన్నే అడుగుతోందండీ!”

చివరికి ‘సరే’ నొక్కింది. జవాబు రాద్దామంటే అమ్మ మాట ఒక్కటీ గుర్తు రాలేదు. ఫోను చేసింది.

“అమ్మా, ఏదైనా చెప్పు.”

“ఏం చెప్పనే? నువ్వు ఏనాడైనా ఒక్కచోట నిలబడి వింటేగా!”

టీచరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.