ఒక్క టేక్‌లో వచ్చిన ఏడుపు

మా పిన్ని వృత్తి ఏడవడం. ముప్ఫయ్యేళ్లు సినిమాలకూ సీరియళ్లకూ డబ్బింగ్ చెప్పింది. అందులో మాటలు తక్కువ, ఏడుపులు ఎక్కువ. అందంగా ఉండి ఏడవడం రాని హీరోయిన్లకూ, ఆసుపత్రి వరండాల్లో కూలబడే తల్లులకూ ఆవిడే ఏడ్చేది. పసిగుడ్డు ఏడుపు కావాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గొంతు వెనక్కి లాగి ఏడ్చేది. స్టూడియోలో ఆవిడ పేరు కన్నీళ్లక్క. "పొద్దున్నుంచి ముగ్గురు మొగుళ్లను పోగొట్టుకున్నాను, కాస్త టీ ఇప్పించండర్రా" అనేదట.

ఆవిడకో నియమం ఉండేది. మైకు ముందు దేవుడి పేరు పలకదు. కాగితం మీద "దేవుడా" అని ఉంటే పెన్సిల్‌తో కొట్టేసి "అమ్మా" అని రాసుకునేది. కొత్త డైరెక్టర్లు విసుక్కుంటే, "పిలిస్తే ఆయన వస్తాడండీ. వచ్చాక, ఏం లేదు, ఉత్తుత్తినే పిలిచాం అని చెప్పమంటారా?" అని నవ్వేసేది.

మిగతా వాటికి మాత్రం రాజీ పడింది. ఆడపిల్లను రౌడీలు లాక్కుపోయే సీను, హాల్లో ఈలలు పడాలని తీసే సీను, అలాంటి వాటికీ అరిచింది. అలా అరిచిన వారం ప్రార్థనా మందిరంలో ముందు బెంచీలో కాకుండా వెనక ఎక్కడో కూర్చునేది. ఆయన పేరైతే అక్కడికి ఈడ్చుకెళ్లలేదు కదా అని తనకు తాను చెప్పుకునేదాన్నని తర్వాతెప్పుడో నాతో అంది.

పిన్నికి ఒక్కడే కొడుకు. బాబాయి పోయేనాటికి వాడికి మూడేళ్లు. ఆరో ఏట మంగళవారం జ్వరం మొదలైంది, శుక్రవారానికి వాడు లేడు. మెదడు పొరలకు సోకే జ్వరం. ఇప్పుడు నాకూ ఒక కూతురుంది కాబట్టి ఆ నాలుగు రోజులనూ గంటలుగా విడదీసి చూస్తుంటాను, ఏ గంటలో ఆసుపత్రికి బయల్దేరి ఉంటే సరిపోయేదని. నా కూతురి ఒళ్లు కాస్త వెచ్చబడినా గడియారం పట్టుకుని ఊపిరులు లెక్కపెడతాను.

పాతిపెట్టేటప్పుడు పిన్ని ఏడవలేదు. పక్కవాళ్లు పట్టుకోబోతే వద్దని, నిటారుగా నిలబడింది. మరుసటి ఆదివారం పాస్టరుగారు విశ్వాసమంటే ఇలా ఉండాలని ఆవిణ్ణి చూపించి చెప్పారు. అసలు సంగతి ఆవిడ ఏళ్ల తర్వాత చెప్పింది. ఏడుపు గొంతు దాకా వచ్చిందట. అది కడుపులోంచి లేస్తోందా, ఛాతీలోంచా, ఊపిరి ఎక్కడ తెగుతోంది అని తనలో ఎవరో గమనిస్తున్నట్టు తోచిందట. శవపెట్టె ఇంకా గోతిలోకి దిగలేదు. సిగ్గేసి మింగేసిందట.

మూడు నెలలకు డబ్బింగ్‌కు ఒక సినిమా వచ్చింది. ప్రభువు కథ. సిలువ కింద నిలబడ్డ తల్లికి గొంతు కావాలి. "ప్రభువా, నా బిడ్డ" అని ఒక్కటే మాట, తర్వాత ఏడుపు. సంఘం పెద్దలు కూడా, ఇది లోకం కోసం చేసే పని కాదమ్మా, ఒప్పుకో అన్నారు. పిన్ని మొదటిసారి పెన్సిల్ తియ్యలేదు. గొంతులో ఉండిపోయిన ఏడుపు అక్కడ బయటికొచ్చింది. ఒక్క టేకే. అద్దం అవతల అందరూ లేచి నిలబడ్డారట. ఆ సినిమా మందిరాల్లో వేసినప్పుడు జనం వెక్కి వెక్కి ఏడ్చారు. నీ దుఃఖాన్ని దేవుడు వాడుకున్నాడమ్మా అన్నారు. పిన్నిని ఇన్నేళ్లూ నిలబెట్టింది ఆ మాటే. తన రాజీలన్నిటి మధ్యా ఒక్కటైనా శుభ్రమైనది ఆయనకిచ్చాననుకుంది.

తొమ్మిదేళ్లు గడిచాయి. ఇప్పుడు నేనూ నా భార్యా పనికి వెళ్తే పాపను పిన్నే చూసుకుంటుంది. పాప ఏడిస్తే మేం కంగారుపడేవాళ్లం, ఆవిడ ఒక చెవి అటు వేసి, "ఇది నిద్ర ఏడుపు," "ఇది దొంగేడుపు, మీరు చూస్తున్నారని" అని తేల్చేసేది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం పాపకు అరటిపండు తినిపిస్తోంది. పాప చేతిలో నా ఫోను. ఏదో కామెడీ షో, లావుపాటి మనిషి చేతిలోంచి కేకు కిందపడింది. కిందపడగానే "ప్రభువా, నా బిడ్డ" అని ఆడగొంతు, వెనకాలే ఏడుపు, దాని మీద జనం నవ్వు. పాప పగలబడి నవ్వి, మళ్లీ పెట్టమంది. రెండోసారి వచ్చేసరికి తనూ గుండె మీద చెయ్యేసుకుని ఆ ఏడుపును అనుకరించింది. పిన్ని చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది.

కాసేపటికి, అది తనదో కాదో చూసి చెప్పమంది. తన గొంతులా డబ్బింగ్ చెప్పేవాళ్లు ఇప్పుడు బోలెడంతమంది ఉన్నారంది. నేను వినికిడి పరీక్షలు చేసేచోట పనిచేస్తాను. శబ్దాన్ని గీతలుగా చూపించే సాఫ్ట్‌వేర్ నా కంప్యూటర్‌లో ఉంటుంది. ఆ పాత సినిమాలోంచి ఒక ముక్క, ఈ షోలోంచి ఒక ముక్క తీసి ఒకదాని మీద ఒకటి పెట్టాను. ఊపిరి రెండుచోట్ల తెగింది, ఆ రెండుచోట్లా గీతలు అతికినట్టు కలిశాయి. ఒక మనిషి రెండుసార్లు అలా ఏడవడం జరగదు. కాదని ఒక చిన్న అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఆ రోజు నాకది తట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

వెతికితే ఇంకా దొరికాయి. దెయ్యాల సీరియల్లో ఒకటి, పరుపుల ప్రకటనలో ఒకటి, క్రికెట్ వీడియోల్లో వికెట్ పడితే పెట్టేది ఒకటి. పిన్ని ఒకటే పట్టు పట్టింది. ఆ ఏడుపు తనకు తిరిగి కావాలి, ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా తీసేయాలి. కొడుకు కోసం ఏడ్చింది అదొక్కటే, అది కూడా లేకపోతే ఎలా అంది.

అప్పటి రికార్డిస్టు పెద్దాయన, ఇప్పుడు పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. పాపను వాళ్లమ్మకు అప్పగించి నేనూ పిన్నీ వెళ్లాం. గది నిండా పాత టేపులు, డిస్కులు, తలుపు చప్పుళ్లు, వానలు, కుక్కలు, అన్నిటికీ చీటీలు. ఆయన పిన్నిని చూసి సంతోషపడి, సంగతి విన్నాక తలొంచుకున్నాడు. తన దగ్గర పని నేర్చుకున్నవాడు మొత్తం డిస్కు కాపీ చేసుకుపోయాడట. అక్కణ్ణుంచి చేతులు మారి, ఇప్పుడది ఎక్కడెక్కడ ఉందో దేవుడికే తెలియాలన్నాడు.

"అసలు నువ్వు ఎందుకు దాచావన్నా? సినిమా అయిపోయాక చెరిపేస్తారనుకున్నాను."

ఆయన కాస్త తటపటాయించాడు. "నిన్ను అడిగే ఉంచాను చెల్లెమ్మా."

పిన్ని తనకు గుర్తులేదంది. ఆయన మాటలతో వాదించలేదు. డిస్కు పెట్టి టేక్ మొత్తం వినిపించాడు. సినిమాలో ఉన్నదీ, షోలో ఉన్నదీ మధ్య ముక్కే. ఇది మొదట్నుంచీ ఉంది. కాగితం గరగర, ఒక ఊపిరి, "ప్రభువా, నా బిడ్డ", తర్వాత ఆ ఏడుపు. నేను కిటికీ వైపు తిరిగాను. ఏడుపు ఆగింది. ముక్కు చీదిన చప్పుడు. కుర్చీ కిర్రుమంది. తర్వాత పిన్ని గొంతు, మామూలుగా, పనిలో ఉన్న మనిషి గొంతు.

"పెదాలకు సరిపోయిందా అన్నా? లేకపోతే ఇంకోటి చేద్దాం."

దూరంగా ఆయన గొంతు, ఇదే చాలు, దీన్ని విడిగా ఉంచనా అని.

"ఉంచు. పనికొస్తుంది."

ఆయన పిన్ని ముందే దాన్ని చెరిపేశాడు. దానివల్ల ఒరిగేదేం లేదని ముగ్గురికీ తెలుసు. పిన్ని ఆయనకు దండం పెట్టి లేచింది.

బస్సులో నా పక్కన కూర్చుని, "ఎవరూ దొంగిలించలేదు నాన్నా. నేనే ఇచ్చాను" అంది. నేను తెలిసిందేదో చెప్పబోయాను. ఏళ్ల తరబడి చేసిన పని ఒంటికి అలవాటైపోతుంది, దుఃఖంలో కూడా ఆ అలవాటు ఆగదు, అందులో తప్పేముంది అన్నాను. ఆవిడ విని, "మందిరంలో అందరూ ఆయన వాడుకున్నాడన్నారు. వాడుకుంది నేను" అని కిటికీలోంచి బయటికి చూసింది.

డబ్బింగ్ మానేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక సమాధుల తోటకు వెళ్తోంది. మొదటిసారి నేనూ పాపా తోడు వెళ్లాం. కొడుకు సమాధి రాయి దగ్గర ఆగి, మమ్మల్ని గేటు దగ్గర ఉండమంది. ఎవరైనా వింటున్నారని తెలిస్తే ఏడవడం కుదరదంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "మీరు వెళ్లినా నాలో ఒకతి ఉంటుందనుకో. ఎలా వచ్చిందని అడిగేది" అంది.

గేటు దగ్గర పాపను ఎత్తుకుని నిలబడ్డాను. అక్కణ్ణుంచి ఏ చప్పుడూ రాలేదు. అయినా ఎందుకో పాప చెవి నా భుజానికి అదిమిపెట్టి, రెండో చెవి మీద చెయ్యి కప్పి ఉంచాను.

అరగంటకు వచ్చింది. మోకాళ్లకు మట్టి ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి. నేను అడగకపోయినా, పాపను అందుకుంటూ చెప్పింది.

"ఇవాళ రాలేదు."

ఇది జరిగి ఆరు నెలలు. ప్రతి ఆదివారం వెళ్తూనే ఉంది. పాప ఏడిస్తే ఇప్పుడు ఏ ఏడుపో చెప్పదు. పరుగున వెళ్లి ఎత్తుకుంటుంది.