చింతపండుతో తోమిన డాలరు

వంటింట్లో చింతపండు నానుతున్న వాసన వస్తే చాలు, నా చెయ్యి సొరుగులోని డాలరు బిళ్ల మీదికి పోతుంది, అమ్మ దాన్నీ తోమేయకముందే దాచేయాలని. ఇరవై ఏళ్లయినా నిండకుండా బాల్య స్మృతులేమిటని నవ్వకండి. షార్జా అల్ నహ్దాలో దుకాణాలే కాదు, చిన్నతనాలూ తొందరగా ఖాళీ అయిపోతాయి.

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడు. ఇంకా ఫోనులోనే బడి. నేను ఎప్పుడు చూసినా నాయన బకాలాలో, అంటే మా కిరాణా కొట్లో, పాల డబ్బాలు మోసే ప్లాస్టిక్ పెట్టె బోర్లించుకుని కూర్చుని, వేడి ఖుబ్బూసు రొట్టెల వాసన, వాడిన పుదీనా వాసన, నెల్లూరి కారప్పొడి ఘాటు అన్నీ కలిసి పీలుస్తూ, వచ్చినవాళ్లందరితో బేరమాడుతూ ఉండేదాన్ని. నాయన ప్రతి నాణేన్నీ గాజుబల్ల మీద మోగించి విన్నాకే గల్లాలో వేసేవాడు. ఒకరోజు దిర్హాములు అయిపోయిన ఓడ మనిషొకాయన రెండు బన్నులకు బంగారు రంగు డాలరు బిళ్ల ఇస్తానన్నాడు. ఇష్టం లేనట్టు మొహం పెట్టి పుచ్చుకున్నాను. రెండు దిర్హాముల సరుకుకు మూడున్నర పైనే! ఆ పూట నన్ను మించిన వ్యాపారి దుబాయ్‌లోనే లేడు.

ఐదో అంతస్తులో ఉండే కాకినాడ జాన్ అంకుల్‌కు నాణేల పిచ్చి. బిళ్లను భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాడు.

"దీని అంచు మీద అక్షరాలుండాలమ్మా, టంకశాలోళ్లు మర్చిపోయారు. ఉంటే ఒక్క డాలరే. లేవు కాబట్టి వంద దిర్హాములిస్తాను."

వీధి చివర పాత సామాన్ల కొట్టులో ఎర్ర సైకిలు నూటయాభై. నెల రోజులుగా దాని గంట మోగించి వస్తున్నాను.

"నూటయాభై అంకుల్. రేపు రండి, చూద్దాం."

మరునాడే ఈద్. ఇంట్లో నేతిలో సేమియా వేగుతోంది. అమ్మ చింతపండు, ఉప్పు వేసి ఇత్తడి చెంబులు తోముతోంది. సరుకు తళతళలాడితేనే ధర పలుకుతుందని అంగడి పిల్లకు ఒకరు చెప్పాలా? ఆ పిప్పితోనే బిళ్లను అరగంట తోమాను. పెళ్లికూతురిలా మెరిసింది.

షీర్ ఖుర్మా తాగడానికొచ్చిన అంకుల్ దాన్ని చూసి గిన్నె కింద పెట్టేశాడు.

"ఎంత పని చేశావే తల్లీ! తోమి గీతలు పడ్డ నాణెం ఎవడు కొంటాడు? ఇప్పుడిది ఉత్త డాలరే."

నాయన కడుపు పట్టుకుని నవ్వాడు. "ఏం మే, సైకిలు గూడా తోమేసినావా? ఖలాస్!"

ఒక్క డాలరుకైతే అమ్మేది లేదని చెప్పాను. వారం తిరక్కుండా సైకిలు ఎవరో కొనుక్కుపోయారు.

ఇప్పుడు మా బకాలా చోట మందుల షాపు. కార్డు తాకిస్తే కూతపెట్టే యంత్రం ముందు మోగించడానికి నాణెమే లేదు. నా బిళ్ల మళ్లీ మసకబారి, పాత రంగుకు తిరిగింది. మొన్న అంకుల్ దాన్ని చేతిలోకి తీసుకుని, జాలిగా, "పోనీ, పదిస్తాను" అన్నాడు.

నూటయాభైకి ఒక్కటి తగ్గినా ఇవ్వనన్నాను.