వేణ్ణీళ్ళున్న ఇల్లు

కాలేజీ చదువు ముగించి, నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగానికి కుదిరిన రోజునుంచీ బుడ్డికి ఇల్లు వెతకడం రెండో ఉద్యోగమైపోయింది. ఇంట్లో ఆఖరుది కాబట్టి చిన్నప్పుడే బుడ్డి అన్నారు. డిగ్రీ పట్టా పుచ్చుకున్నా ఆ పేరు వదల్లేదు. హాస్టలు ఖాళీ చెయ్యడానికి పది రోజులే గడువు. డ్యూటీ అయ్యాక కాళ్ళరిగేలా తిరిగేది. ఎక్కడికెళ్ళినా గుమ్మంలోనే ఇంటర్వ్యూ.

"ఒక్కదానివేనా?"

"అవునండీ."

"ఇంటికి ఎన్నింటికొస్తావు? నీకోసం ఎవరెవరొస్తుంటారు?"

ఒక పెద్దాయనైతే కెమిస్ట్రీ చదివానని చెప్పగానే, "ఇంట్లో ఏమీ పేల్చవు కదమ్మా?" అన్నాడు. నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు. తలుపేసుకున్నాడు.

పదకొండో ఇల్లు మూడో అంతస్తులో ఉంది. ఓనరావిడ కింది వాటాలో ఉంటుంది. ఆవిడ బుడ్డిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నిజానికి అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు సరికదా, ప్రాణం లేచొచ్చింది. రెండు గదులు, వంటగది, మనిషి అడ్డంగా నిలబడితే నిండిపోయే బాల్కనీ. గోడలకి కొత్త రంగు. స్నానాలగదిలో గ్యాస్ గీజరు.

"కుళాయి తిప్పితే చాలు, వేణ్ణీళ్ళు," అంది ఓనరావిడ, తనే కనిపెట్టినంత గర్వంగా.

పైన చిన్న వెంటిలేటరులో తెల్లటి థర్మోకోల్ ముక్క కూరి, చుట్టూ టేపు అంటించి ఉంది.

"ఇదేంటాంటీ?"

"పావురాలమ్మా. చంపుకు తింటున్నాయి. అది మాత్రం తియ్యకు, గూడు పెట్టేస్తాయి."

"ఇంతకు ముందు ఎవరుండేవారు?"

"ఏడాదిలో ముగ్గురు మారారు. మీ వయసువాళ్ళకి నిలకడేదీ? ఆఖరమ్మాయి అస్తమానూ తలనొప్పి, తలనొప్పి అంటూ మంచమెక్కేది. పనిదొంగ!"

బుడ్డి కూడా నవ్వింది. ఆ సాయంత్రమే తాళంచెవి పుచ్చుకుంది.

మూడో రోజున కణతలు పోటెత్తాయి. ఐదో రోజు ల్యాబులో మెట్లెక్కుతూ రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది. సైన్సు చదివిన పిల్ల కదా, బెంబేలు పడలేదు. ఒక నోటుబుక్కు తీసి, రోజూ నొప్పి ఎన్నింటికి మొదలైందో, పదికి ఎంతుందో రాసుకోసాగింది. కారణం ల్యాబే అనుకుంది. పుర్రెబొమ్మ అంటించిన సీసాలన్నీ అక్కడే ఉంటాయి మరి. విషమంటే సీసాలో ఉంటుందనీ, దానికో చీటీ ఉంటుందనీ ఆమెకి అలవాటైపోయింది. మాస్కు మార్చింది. కిటికీ పక్కకి బల్ల జరిపించుకుంది. ఆదివారం తీరిగ్గా తలంటుకుని, బట్టలన్నీ వేణ్ణీళ్ళలో ఉతుక్కుని బయటికొచ్చేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. పదికి ఎనిమిది. 'ల్యాబు ప్రభావం మర్నాటికీ పోవడం లేదు' అని కింద గీత గీసి మరీ రాసింది.

ఆ పై శనివారం అక్క ఐదు నెలల కొడుకుని ఎత్తుకుని చూడ్డానికొచ్చింది. గది గదీ తిరిగింది. బీరువా తలుపులు తీసి వేసింది.

"ఏమే బుడ్డీ, మహారాణిలా ఉన్నావే! పెళ్ళైన నాలుగేళ్ళకి గానీ నాకు ఇంత వంటగది దొరకలేదు."

"అయితే నువ్వూ ఇక్కడే ఉండిపో. బావ వండుకుంటాడు."

"వండుతాడు! నీళ్ళు మాడబెట్టే మనిషి!"

మర్నాడు పొద్దున్నే పిల్లాణ్ణి స్నానానికి తీసుకెళ్ళింది అక్క. "వీడికి చలిగాలి తగిలితే జలుబు చేస్తుందే," అంటూ తలుపు గడియ పెట్టి, కింద సందులో తువ్వాలు కూడా కుక్కింది. లోపల గీజరు భగ్గుమన్న చప్పుడు. టబ్బులో నీళ్ళు పడుతున్నాయి. "బంగారుకొండ, ఏడవకూడదు," అంటున్న అక్క గొంతు.

బుడ్డి టీ కప్పుతో నోటుబుక్కు ముందు కూర్చుంది. తొమ్మిదయింది. ఈపాటికి నొప్పి మొదలవ్వాలి. తల తేలిగ్గా ఉంది. హాయిగా సున్నా వేసింది. వేశాక పెన్ను ఆగింది.

పోయిన ఆదివారమూ ల్యాబు లేదు. ఇవాళా లేదు. అప్పుడు ఎనిమిది, ఇప్పుడు సున్నా. ఏం మారింది? నిద్ర అంతే. టీ అంతే. ఇవాళ తను ఇంకా స్నానం చెయ్యలేదు. అక్క ముందు వెళ్ళింది.

కప్పు ఎక్కడ పెట్టిందో తెలీదు. లోపలినుంచి మాటలు వినిపించడం లేదు. నీళ్ళ చప్పుడొకటే.

"అక్కా! తలుపు తియ్యి!"

"ఉండవే... సబ్బు..."

"సబ్బు తర్వాత! ముందు గడియ తియ్యి!"

"కాళ్ళు... బరువుగా ఉన్నాయే..."

"అక్కా, నీ కొడుకుని చూడు! వాడికోసం తియ్యి!"

గడియ మీద గోళ్ళు గీరుకున్నాయి. ఒకసారి జారింది. రెండోసారి ఊడింది. అక్క గోడకి ఆనుకుని ఉంది. స్నానమంటే వీధి వీధంతా వినబడేలా ఏడ్చే పిల్లాడు ఆమె భుజమ్మీద తల వాల్చేసి ఉన్నాడు. బుడ్డి వాణ్ణి లాక్కుని, అక్క రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ బాల్కనీలోకి పరిగెత్తింది. "ఏడవరా నాన్నా, ఏడవరా," అంటూ వీపు రుద్దింది. చాలాసేపటికి పిల్లికూన అరుపులాంటి చిన్న ఏడుపు వచ్చింది.

ఆస్పత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. రక్తపరీక్షలు చేశారు. గాలాడని గదిలో గ్యాసు మండితే వాసనలేని విషవాయువు పుడుతుందనీ, అది రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుందనీ డాక్టరు వివరిస్తుంటే బుడ్డి తల దించుకుని విన్నది. అదే ప్రశ్నకి పరీక్షలో పూర్తి మార్కులొచ్చాయి తనకి.

మధ్యాహ్నానికి పిల్లాడు కళ్ళు తిప్పి చూశాడు. సాయంత్రం దాకా ఉంచి చూస్తామన్నారు. అప్పుడు అక్క నెమ్మదిగా అడిగింది.

"నీకు ఆ తలనొప్పి ఎన్నాళ్ళుగా వస్తోందే?"

"పదహారు రోజులుగా."

"రాసుకుంటున్నావు కూడా."

"ఊఁ."

పిల్లాడు సన్నగా ఏడుస్తుంటే ఎత్తుకుంటానని బుడ్డి చేతులు చాచింది. అక్క వాణ్ణి ఇవతలి భుజం మీంచి అవతలి భుజం మీదికి మార్చుకుంది.