గాజులో లేని పగులు

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక మొబైల్ సర్వీస్ సెంటర్‌లో సీనియర్ ఇంజనీరుగా నా ఆఖరి ఏడాది అది. మామిడిపళ్ల రోజులు. మా గది మెట్రో పట్టాల ఎత్తులో ఉండేది. మధ్యాహ్నాలు రైలు నీడ బల్లల మీదుగా జారిపోతుంటే, నిద్రకూ మెలకువకూ మధ్య పని చేస్తున్నట్టుండేది. ఆ పూటలంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

అలాంటి పూట అల్మాస్‌గూడ నుంచి యాదగిరి వచ్చాడు. బాటసింగారం మార్కెట్‌కు ట్రాలీ ఆటోలో పళ్లు తోలే మనిషి. వెంట ఇంటర్ చదివే కూతురు శ్రావణి. ఆదివారం సాయంత్రం కూతురి చేతిలో ఉండగా తన ఫోన్ పగిలిందని ఆయన ఫిర్యాదు. వెలుగుతున్న తెర మీద ఒక మూల నుంచి పగులు కొమ్మలు కొమ్మలుగా పాకి ఉంది. పైన టెంపర్డ్ గ్లాస్ ఉండటంతో గోటికి ఏమీ తగల్లేదు. పగులు దాని కింద, అసలు గాజులో ఉందనుకున్నాను.

"నేను కింద పడెయ్యలే నాయినా," అంది శ్రావణి.

నన్నెవరూ అడగలేదు. అయినా ఆగలేక, "కింద పడితేనే ఇలా పగులుతుందండీ," అన్నాను. రిపేరు వివరాలు రాసే జాబ్‌షీట్‌లో 'కారణం' అనే గడిలో అదే రాశాను.

"ఇన్నవా? నాలుగు దినాల సంది గిదే అబద్ధం. ఇగ నీ మాట నమ్ముడెట్ల?" అన్నాడు తండ్రి. ఆ పిల్ల కిటికీ వైపు తిరిగిపోయింది.

ఫోన్ ఆపి, తెర వైపు మళ్లీ చూడకుండానే బోర్లించి, హీట్ ప్లేట్ మీద పెట్టాను. జిగురు మెత్తబడ్డాక పాత డిస్‌ప్లే ఊడదీసి, కొత్తది బిగించి, ఆన్ చేశాను.

కొత్త గాజులో పాత పగులు. అదే మూల, అవే కొమ్మలు. కలలో తిరిగి తిరిగి అదే వీధికి వచ్చినట్టయింది. ఆపితే పగులు లేదు, వెలిగిస్తే ఉంది. ట్రేలోని పాత గాజును కిటికీ దగ్గర పట్టుకున్నాను. అందులో ఆకాశం ఎక్కడా చీలకుండా కనిపించింది. నాకు సిగ్గేసింది.

ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచాను. అందులో కంపెనీ ఇచ్చిన యాప్‌లే నడుస్తాయి, బయట నుంచి వేసుకున్నవి నడవవు. పగులు మాయమైంది. అది ఒక ఆకతాయి యాప్ గీసిన బొమ్మ. మిగతా యాప్‌ల పైన కనిపించే అనుమతి సంపాదించి, కొన్ని గంటలు ఊరుకుని బయటపడే రకం. బ్రౌజర్‌లోంచి ఆదివారం పొద్దున దిగింది. అప్పుడు ఫోన్ ఎవరి దగ్గర ఉందని అడిగాను.

యాదగిరి గొంతు తగ్గింది. "నా తాన్నే ఉండె మేడమ్. మార్కెట్ల లోడు దించుతున్నరు. వైరస్ వచ్చింది, సాఫ్ చెయ్యాల్నా అని ఒక డబ్బా అడ్డమొచ్చింది. ఎంతకూ పోతలేదని అడిగినన్నిసార్లు ఓకే ఒత్తిన."

అనుమతి తీసేసి, యాప్‌ను తొలగించి, బ్రౌజర్ నోటిఫికేషన్లు ఆపాను. అలాంటి డబ్బా వస్తే దాని మీద 'వద్దు' అన్నది కూడా నొక్కకుండా ఆ ట్యాబ్‌నే మూసేయమని చెప్పాను. మంచి డిస్‌ప్లే అనవసరంగా ఊడదీశానని మేనేజరు దగ్గర ఒప్పుకున్నాను.

"మేడమ్, గా కాగితంల గూడ మార్చుండ్రి," అంది శ్రావణి.

పాత మాట కొట్టేసి, 'కింద పడలేదు. పొరపాటు నాది' అని రాసి సంతకం పెట్టాను. ఆమె ఆ కాగితం తండ్రి చేతికిచ్చింది. ఆయన నిలబడే రెండుసార్లు చదివాడు. "తప్పయింది బిడ్డా," అన్నాడు.

ఆ తర్వాత ఎవరు పగులు చూపినా ముందు ఫోన్ ఆపి చూసేదాన్ని. 'కారణం' గడిని పని పూర్తయ్యేదాకా ఖాళీగా ఉంచేదాన్ని.