తల ఊపకు, చెయ్యెత్తు

బడులు తెరిచిన వారంలో, పొద్దున ఆరింటికి ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సెక్కాను. నాగమణిని తిరిగి ఖమ్మంలోని మా బడికి పిలవాలి. ఆమెకు చెవులు వినపడవు. తరగతిలో ఓ మూల నిలబడి ఉపాధ్యాయుల మాటలను ఆమెకు సైగల్లో చెప్పే ఇంటర్‌ప్రెటర్‌ని నేను. పరీక్ష తప్పినప్పుడు, "మీ పిల్లకు చదువు అబ్బదు" అని వాళ్ల నాన్న ముత్తయ్యతో అన్నదీ నేనే. ఆ మాట తప్పు.

అది తప్పని వేసవిలో హైదరాబాదు శిక్షణలో తెలిసింది. వినపడని మాస్టారొకాయన చకచకా సైగలు చేస్తుంటే సగం అర్థం కాలేదు. ఆపి అడగడానికి మొహమాటపడి తల ఊపుతూ కూర్చున్నాను. నాగమణి ఏడాదంతా చేసింది అదే. నన్ను ఆపవచ్చని ఆమెకు ఎన్నడూ నేర్పలేదు.

కొత్తగూడెంలో ఇడ్లీ తిన్నాను. పక్కసీటులోని గని కార్మికుడు నా పని గురించి విని, "చేతులతోని లెక్కలు గూడ చెప్తరా సారూ? నోటితోని చెప్పినా నాకు రాలే" అని నవ్వాడు. భద్రాచలంలో దుమ్ముగూడెం వైపు ఆటోలు నిండితేనే కదులుతాయి. రోడ్డు మీద దిగాక నాగమణి వాళ్ల ఊరిదాకా అడవిలో నడకే. నీళ్లు వెంట ఉంచుకోవాలి.

ముత్తయ్య వాకిట్లో ఇప్పగింజలు ఆరబోస్తున్నాడు.

"అబ్బదంటివి గద సారూ. మళ్ల ఏంది?"

"తప్పు నాదే ముత్తయ్యా. అర్థం కాకపోతే అడగడం నేర్పలేదు."

"దాన్నే అడుగు. మొద్దు లెక్క కూసునుడైతే నేను పంప."

నా తప్పునూ వాళ్ల నాన్న షరతునూ నాగమణికి సైగల్లో చెప్పి, వస్తావా అని అడిగాను. ఆమె సైగ చేసింది: "ఖమ్మం దాకా వస్తా. చేరేదీ లేనిదీ దారిలో చెప్తా."

ముత్తయ్య కూడా వెంట బయల్దేరాడు. సాయంత్రం బస్సులో ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. ఆపుతుందేమోనని కావాలనే తప్పుడు సైగలు చేశాను. తల ఊపింది.

కొత్తగూడెంలో కండక్టర్, "బస్సు పావుగంట ఆగుద్ది, చాయ్ తాగేటోళ్లు తాగుండ్రి" అన్నాడు. బస్సే చాయ్ తాగుతుందట అని సైగ చేశాను. ఊపబోయిన తల ఆగింది. చెయ్యి లేచింది. "ఆగు. బస్సు తాగడమేంటి? మళ్లీ అడుగు."

అడిగాను. కండక్టర్ విసుక్కున్నాడు. "ఎన్నిసార్లు చెప్పాలె? చెవుడా?"

"అవ్, మా పిల్లకు చెవుడే. మళ్ల చెప్పు," అన్నాడు ముత్తయ్య.

కండక్టర్ తగ్గి, నాగమణి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. ఆమె అతని మొహాన్నీ నా చేతుల్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత నాకు సైగ చేసింది: "రేపు తరగతిలో మూల నిలబడకు. బోర్డు పక్కనే నిలబడు. సారునీ నిన్నూ కలిపి చూడాలి."